నెత్తురు అమానత్

"అసలు మీరెక్కణ్నుంచొచ్చారు?"

ఖమ్మం బస్టాండ్ దగ్గర చాయ్ తాగుతూ అడిగేవాళ్లు నవ్వుతూనే అడుగుతారు. మేమూ నవ్వుతూనే "ఇక్కడివాళ్లమే" అంటాం. నవ్వు అక్కడే అయిపోతుంది. ప్రశ్న మాత్రం మాతో ఇంటికొస్తుంది. మా తాతముత్తాతల ఖబరస్తాన్లు ఈ మట్టిలోనే ఉన్నాయి. అయినా రుజువు మేమే చూపాలి.

ఇప్పుడా రుజువు బజార్లో దొరుకుతోంది. అమెరికాలో ఉన్న మా ఖాందాన్ కుర్రాడు ఫోన్ చేశాడు. "చిచ్చా, గొట్టంలో ఉమ్మి పంపిస్తే చాలు, డీఎన్ఏ చూసి మన మూలం చెప్తారు. ఇక మనల్ని పాకిస్తాన్ పొమ్మనేవాళ్ల నోరు మూతపడుతుంది" అన్నాడు.

మాకూ ఆశ పుట్టింది. అబద్ధమెందుకు? మా షిజ్రాలో తాతల పేర్లన్నీ ఉన్నాయి. ఒక దాదీ పేరు ఉండాల్సిన చోట మాత్రం ఖాళీ. భద్రాచలం వైపు అడవిలోంచి వచ్చిందని పెద్దలు గొంతు తగ్గించి చెప్పుకునేవారు. కోయపిల్ల అన్నవాళ్లున్నారు, కాదన్నవాళ్లున్నారు. ఆమె మాత్రం నోరు విప్పలేదు. నమాజు చదివింది, పిల్లల్ని పెంచింది, తన కథను తనతోపాటే మట్టిలోకి తీసుకుపోయింది. ఆ గొట్టంలో ఆమె కూడా ఉంటుంది. ఆమె దాచుకున్నదాన్ని మునిమనవడు డబ్బిచ్చి విప్పించొచ్చా?

"నా ఉమ్మి, నా ఇష్టం" అన్నాడు కుర్రాడు. అక్కడే మాకూ అతనికీ తేడా వచ్చింది.

చేను పంచుకుంటే గట్టు పడుతుంది. నెత్తురుకి గట్టు లేదు. అన్న డీఎన్ఏలో దాదాపు సగం చెల్లెలిదీ అవుతుంది. ఆమెనెవరూ అడగలేదు. అమెరికాలో ట్వంటీత్రీ అండ్ మీ అనే కంపెనీలో 2023లో దొంగలు పడ్డారు. వాళ్లు తాళం తీసింది సుమారు 14 వేల ఖాతాలకే. బంధుత్వాల దారి పట్టుకుని 69 లక్షల మంది వివరాలు లాక్కున్నారు. మొదట అమ్మకానికి పెట్టిన జాబితాలు ఎవరివో తెలుసా? యూదు మూలాలవాళ్లవి, చైనా మూలాలవాళ్లవి. జాబితా అంటే ఏమిటో మైనారిటీలకు ఒకరు చెప్పాలా? 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా తీసింది. అదే సంవత్సరం దాన్ని స్థాపించినవాళ్లలో ఒకరు పెట్టిన లాభాపేక్ష లేని సంస్థ 30 కోట్ల 50 లక్షల డాలర్లకు దాన్ని కొన్నది. కొన్నది మంచివాళ్లే అనుకుందాం. వేలంలో నిలబడింది మాత్రం జనం తాతలూ అవ్వలే కదా!

మన సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న గోప్యత ప్రాథమిక హక్కు అన్నది. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. మంచిదే. కానీ చట్టం అడిగేది ఒక మనిషి సమ్మతిని. నెత్తురులో ఉండేది ఒక్క మనిషి కాదు.

ఇక రుజువు సంగతి. దేశంలోని ముస్లింలలో ఎక్కువమంది మూలం స్థానికమేనని హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రజ్ఞులు పాల్గొన్న పరిశోధనలే చెప్పాయి. దానివల్ల చాయ్ దుకాణంలో ప్రశ్న ఆగిందా? మా అడవి అంచుకే వచ్చి చూడండి. 2005 తర్వాత సల్వా జుడుం కాలంలో ఛత్తీస్‌గఢ్ నుంచి ప్రాణాలు పట్టుకుని వచ్చిన గుత్తికోయలున్నారు. ఇక్కడి కోయలకు చుట్టాలే. అయినా వాళ్లలో చాలామందికి ఇక్కడ ఎస్టీ సర్టిఫికెట్ దక్కలేదు. నెత్తురు కలిసినా కాగితం కలవలేదు. రేపు మా నెత్తురు ఇక్కడిదేనని తేలితే మేం సొంతవాళ్లమా? ఎవరి ముత్తాతో ఇరాన్ నుంచి వచ్చాడని తేలితే వాళ్లు పరాయివాళ్లా? ఆ తక్కెడలో మేమే ఎక్కి కూచుంటే, రేపు ఇంకొకర్ని ఎక్కించేటప్పుడు వద్దనే నోరు మాకుండదు.

పరీక్షలన్నీ వద్దంటున్నారా అని అడగొచ్చు. అనడం లేదు. ఏజెన్సీ కోయల్లో సికిల్ సెల్ జబ్బుంది. తల్లీ తండ్రీ ఇద్దరూ ఆ జన్యువు మోస్తుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే ప్రమాదం నాలుగో వంతు. 2023 జులైలో కేంద్రం మొదలుపెట్టిన మిషన్ కింద పరీక్షలు చేసి కార్డులిస్తున్నారు. అవసరమే. ఆ కార్డు పిల్ల చేతిలో ఉంటే మందు, ఊరి నోట్లో పడితే పెళ్లి చెడగొట్టే కబురు.

ఖురాన్‌లో హుజురాత్ సూరా ఉంది. పన్నెండో ఆయత్ ఒకరి గుట్టు ఒకరు కూపీ లాగొద్దంటుంది. వెంటనే పదమూడోది, జాతులూ తెగలూ ఉన్నది ఒకరినొకరు తెలుసుకోవడానికేనంటుంది. తెలుసుకోవడం వేరు, కూపీ లాగడం వేరు. కోయల డోలీలు బొమ్మల పడిగె విప్పి గట్టుగట్టుకూ వంశకథ పాడతారు. అలా పాడిన మణుగూరు వైపు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయన 2024లో కన్నుమూశారు. ఆ పాటలో కథ ఎవరిదో వాళ్లే ఎదురుగా కూచుంటారు. పాడేవాడికి వినేవాళ్ల మొహాలు తెలుసు. అది తెలుసుకోవడం. మొహం తెలియని గోదాములో మా ఖాందాన్‌ను అంకెలు చేసి దాచడం ఆ కోవలోకి రాదు.

అమానత్ అంటే దాచమని ఇచ్చిన సొమ్ము. దాచినవాడు దాన్ని ఖర్చు పెట్టుకోలేడు. నెత్తురు మాకు అలా వచ్చిందే. కుర్రాడికి ఇదే చెప్పాం. "ముందు మీ చెల్లెల్నీ, మీ అమ్మీనీ, మీ ఫుప్పూనీ అడుగు" అన్నాం. అడుగుతానన్నాడు. దాదీని అడగడానికి వీల్లేదు కాబట్టి ఆమె తరఫున మేం వద్దన్నాం.

షిజ్రాలో ఆ చోటు ఇంకా ఖాళీగానే ఉంది. చాయ్ దగ్గర మళ్లీ అడిగితే మళ్లీ "ఇక్కడివాళ్లమే" అంటాం. గొట్టం చూపించం.