పసుపు లైటు

"ఆ పసుపు లైటేమిటండీ?" అని వెనక సీట్లోంచి మా ఆవిడ అడిగింది.

"ఏం లేదులే, అదెప్పుడూ వెలుగుతూనే ఉంటుంది" అన్నాను. అందులో రెండో మాట నిజం. మొదటి మాటే నన్ను వారం రోజులు నిద్రపోనివ్వలేదు.

చిన్నప్పుడు మా ఊళ్ళో చూసిన బులెట్ మీద మోజు కొద్దీ, అమెరికాలో కొన్న నా మోటార్‌సైకిల్‌కి అల్లాయ్ చక్రాలు తీయించి స్పోకుల చక్రాలు వేయించాను. పాత చక్రాల్లో వాల్వు దగ్గర చిన్న సెన్సర్ ఒకటి ఉండేది. టైరులో గాలి ఎంతుందో కొలిచి, రేడియో ద్వారా బండికి చెప్పేది. కొత్త చక్రాలకి ట్యూబులు. సెన్సర్‌కి చోటు లేదు. కబురు అందక బండి లైటు వెలిగించి కూర్చుంది. పైగా మేకు దిగితే ట్యూబు టైరులో గాలి ఇంకా త్వరగా పోతుంది. అంటే హెచ్చరిక మరింత అవసరమైనప్పుడే దాన్ని పోగొట్టుకున్నానన్నమాట.

ఒక మిత్రుడు ఉపాయం చెప్పాడు. "సెన్సర్లని పివిసి గొట్టాల్లో పెట్టి మూసి, గాలి కొట్టి సీటు కింద పడెయ్. కార్లవాళ్ళు చేసేదే. కొన్ని సెన్సర్లు చక్రం తిరిగితే గానీ నిద్ర లేవవు, నీవి లేస్తే నీ అదృష్టం!"

నవ్వుకున్నాను గానీ, ఆలోచిస్తే భయమేసింది. గొట్టంలో గాలి నిండుగానే ఉంటుంది. సెన్సర్ ఉన్నదే చెబుతుంది. బండి విన్నదే నమ్ముతుంది. ఎవరూ అబద్ధమాడరు. అయినా వెనక కూర్చున్న మనిషి మోసపోతుంది.

ఇక్కడి చట్టం నన్నేమీ అడగదు. టైర్లు విడిపోయి వాహనాలు బోల్తాపడి ఎంతోమంది చనిపోయాక 2000లో ట్రెడ్ చట్టం వచ్చింది. దాని ఫలితంగా 2007 సెప్టెంబర్ నుంచి కొత్త కార్లన్నిటికీ, గాలి 25 శాతం తగ్గితే హెచ్చరించే ఏర్పాటు తప్పనిసరి అయింది. మోటార్‌సైకిళ్ళు ఆ నిబంధన కిందకి రావు. చట్టం అడగని చోట మనల్ని అడగాల్సింది మనమే కదా!

పోనీ, లైటుని అలాగే వెలగనిద్దామా? నా బండిలో ఇతర లోపాలకీ అదే లైటు. ఎప్పుడూ అరిచే కుక్క దొంగ వచ్చినప్పుడు అరిచినా ఎవరూ లేవరు.

చివరికి మెకానిక్ చేత ఆ ఏర్పాటునే ఆపించాను. గొట్టం ఉపాయానికీ దీనికీ తేడా ఏమిటంటారా? లైటు రెండింటిలోనూ ఆరుతుంది. కానీ గొట్టం "అంతా బాగుంది" అంటుంది. ఆపేసిన సెన్సర్ ఏమీ అనదు. "నాకు తెలియదు" అనడం లోపం కావచ్చు గాని, మోసం కాదు. అయితే ఆ తెలుసుకునే పని ఇప్పుడు నా నెత్తిన పడింది. చలి పెరిగి పది ఫారన్‌హీట్ డిగ్రీలు తగ్గితే సుమారు ఒక పిఎస్ఐ పడిపోతుంది. మన లారీ క్లీనర్లు బయల్దేరేముందు ఇనుపరాడ్‌తో టైర్ల మీద కొట్టి చప్పుడు వినేవాళ్ళు. వాళ్ళ చేతిలో రాడ్, నా చేతిలో గేజి.

మొన్న ఆదివారం మా ఆవిడ, "లైటు ఆరిపోయిందే, బాగైందా?" అంది.

"బాగవలేదు. బండి చూడటం మానేసింది. ఇక నేనే చూడాలి" అని ఉన్నదున్నట్టు చెప్పాను.

హెల్మెట్ తీసి పక్కన పెట్టి, "అయితే చూడండి, తర్వాత ఎక్కుతాను" అంది.