థోరోకు దక్కని మినహాయింపు

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, న్యూ గ్లారస్. ఆమిష్ అనే క్రైస్తవ శాఖకు చెందిన అక్కడి ముగ్గురు తండ్రులకు కోర్టు తలా 5 డాలర్ల జరిమానా వేసింది. ఎనిమిదో తరగతి కాగానే పిల్లల్ని చదువు మాన్పించడమే వాళ్ల నేరం. అప్పటి చట్టప్రకారం పదహారేళ్లు నిండేదాకా బడికి పంపాలి. ఆ వయసులో పొలం, పశువులు, ఇంటిపనే అసలు చదువని ఆమిష్‌ల నమ్మకం. హైస్కూలుకు పంపితే లోకవ్యామోహం అంటుకుని తమకూ పిల్లలకూ మోక్షం దక్కదని వాళ్ల భయం.

తగువు సుప్రీం కోర్టుకెక్కింది. 1972లో తండ్రులే గెలిచారు.

తీర్పు రాసిన ప్రధాన న్యాయమూర్తి వారెన్ బర్గర్ మధ్యలో అమెరికన్ రచయిత థోరోను తీసుకొచ్చారు. లోకం పోకడ నచ్చక వాల్డెన్ చెరువు దగ్గర ఒంటరిగా బతికిన థోరోది తాత్విక నిర్ణయం, వ్యక్తిగతం. మతం కాదు కాబట్టి అలాంటివాళ్లకు ఈ రక్షణ వర్తించదన్నారు. అంటే తాతముత్తాతల ఆచారాన్ని పట్టుకున్నవాడికి మినహాయింపు, తనంతట తాను ఆలోచించి తేల్చుకున్నవాడికి మొండిచెయ్యి! బుద్ధుడొచ్చి అడిగితే ఏ వరుసలో నిలబెట్టేవారో.

మన దగ్గరా గీత అక్కడే పడింది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల్ని దగ్గరి బడిలో చేర్చడం తల్లిదండ్రుల విధి అంటుంది 2009 నాటి విద్యాహక్కు చట్టం పదో సెక్షన్. చేర్చకపోతే శిక్షేమిటో అందులో లేదు. 2012 సవరణ మదర్సాలను, వేద పాఠశాలలను చట్టం నుంచి తప్పించింది. వేద పాఠశాలలో సంథ వల్లించే పిల్లవాడికి అలా దారి దొరికింది. వంటింట్లో అమ్మ పక్కన కూర్చుని, నాలుగు గిద్దల బియ్యం పోస్తే సోల నిండటం చూసి పావంటే ఏమిటో తెలుసుకునే పిల్ల మాత్రం పదో సెక్షన్ కిందే ఉంది. ఇంటిచదువుకంటూ చట్టంలో వేరే ఏర్పాటు లేదు. పద్నాలుగేళ్లు నిండాక ఓపెన్ స్కూల్లో పదో తరగతి పరీక్ష రాయించడమే ఇలాంటి తల్లిదండ్రులు చాలామంది పట్టే దారి.

మతమా, తత్త్వమా అన్న ఈ వాదంలో పిల్లల సంగతి ఎవరికీ పట్టలేదా? ఆమిష్ కేసులో జస్టిస్ విలియం డగ్లస్‌కు పట్టింది. ఆ పిల్లవాడికి పియానో వాయించాలనో, వ్యోమగామి కావాలనో ఉండొచ్చు కదా, వాడినే అడగాలన్నారు. ముగ్గురు పిల్లల్లో ఒక్క అమ్మాయే సాక్ష్యం చెప్పింది, హైస్కూలు తన మతానికి కూడా సరిపడదని. ఆమె తండ్రి విషయంలో ఆయన తీర్పుతో ఏకీభవించారు. మిగతా ఇద్దరు పిల్లల మాట రికార్డులో ఎక్కడా లేదు.