డ్యూటీ దిగినా సిస్టరమ్మే

గోదావరిఖని సింగరేణి కాలనీల్లో ఏరియా ఆస్పత్రి సిస్టర్ ఉండే క్వార్టర్ ఎక్కడని ఎవరిని అడిగినా చెప్పేవాళ్లు. పిల్లలకు జ్వరం ముదిరినా, రాత్రి షిఫ్టుకు పోవాల్సిన మనిషికి ఛాతీ పట్టేసినా ముందు తట్టేది ఆ తలుపే. ఆ తలుపు మీద డిగ్రీలేమీ రాసి ఉండేవి కావు. "ఇది ఇంట్ల చూసుకునేది గాదు, దవాఖానకు తీస్కపోండ్రి" అని ఆమె అంటే ఇక మారుమాట ఉండేది కాదు.

బొగ్గుబాయిలోనూ ఇదే తీరు. 1955 నాటి గనుల నియమాలు ప్రథమ చికిత్సలో శిక్షణ, సర్టిఫికెట్ ఉన్న కార్మికులు గనిలో ఉండాలంటాయి. ఆ సర్టిఫికెట్ ఉన్నవాడు దాన్ని రేషన్ దుకాణం లైన్లో చూపించుకోడు. పైకప్పు రాలి తోటివాడి కాలు విరిగిన రోజున మాత్రం అందరూ కేకేసేది అతన్నే.

ఇప్పుడు పెద్దపల్లి జిల్లాలో నర్సింగ్ చదివిన పిల్లలు గల్ఫ్, బ్రిటన్, జర్మనీ దాకా వెళ్తున్నారు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ జర్మన్ నేర్పించి మరీ పంపుతోంది. నేను నర్సుగా పనిచేస్తున్న బ్రిటన్‌లో అయితే ఇంగ్లిష్ పరీక్ష, కంప్యూటర్ పరీక్ష, ఆ తర్వాత ఆస్కీ అనే ప్రాక్టికల్ పరీక్ష గట్టెక్కితేనే నర్సుల నియంత్రణ సంస్థ ఎన్.ఎం.సి. రిజిస్టర్‌లో పేరెక్కి పిన్ నంబరు చేతికొస్తుంది. ఇంత కష్టపడి తెచ్చుకున్న 'ఆర్.ఎన్.' (రిజిస్టర్డ్ నర్స్) హోదాను పేరు పక్కన రాసుకోవాలని ఎవరికుండదు? రాసుకోవచ్చు. ఎక్కడ రాసుకుంటున్నామన్నదే చూసుకోవాలి.

ఇక్కడి మన తెలుగు సంఘాల వాట్సాప్ గ్రూపులనే తీసుకోండి. బరువు తగ్గించే పొడి అమ్మే మెసేజ్ కింద ఒక నర్సు పేరు, పక్కన ఆర్.ఎన్. షుగర్‌ను వారంలో మాయం చేసే కషాయం ఫార్వర్డ్ కింద కూడా అవే అక్షరాలు. సంఘం ఎన్నికలొస్తే పాంప్లెట్ మీద, ఇల్లు అద్దెకు అడిగేటప్పుడు ఈమెయిల్ అడుగున, పెళ్లి బయోడేటాలో మొదటి వరుసలో అవే. బయోడేటా సంగతి వదిలేద్దాం, ఉద్యోగమేమిటో చెప్పుకోక తప్పదు. మిగతావి చిన్న విషయాలు కావు. ఆరోగ్యానికి సంబంధం లేని ప్రచారానికి వృత్తి హోదాను ఎప్పుడూ వాడవద్దని ఎన్.ఎం.సి. కోడ్‌లోనే ఉంది. మన సేవల గురించి వేసే ప్రకటన ఏదైనా జనాన్ని తప్పుదోవ పట్టించకూడదని కూడా ఉంది.

ఎందుకింత పట్టింపు? ఆ అక్షరాలను చూసి జనం పెట్టుకునే నమ్మకం మన ఒక్కరి సంపాదన కాదు గనుక. మూడేళ్లకోసారి 450 గంటల పని, 35 గంటల చదువు లెక్క చూపిస్తేనే రిజిస్ట్రేషన్ నిలుస్తుంది. లక్షల మంది నర్సులు ఇలా నిలబెట్టిన పరువది. పొడి డబ్బా అమ్మడానికి దాన్ని వాడితే అందరి ఖాతాలోంచి ఒక్కరు ఖర్చు పెట్టినట్టే.

మా ఇళ్లలో అసలు పరీక్ష ఫోన్లో ఎదురవుతుంది. మా బాపు బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మనిషి, ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. కరీంనగర్‌లో ఆస్పత్రిలో చేర్చిన రోజు తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, సాచురేషన్ 90 కాడనే ఉన్నది, ఆక్సిజన్ పెంచుతలేరు. లండన్ల నర్సునని గట్టిగ చెప్పు."

డ్యూటీ సిస్టర్ లైన్లోకి వచ్చింది. "సిస్టర్, నేను పేషెంట్ బిడ్డను. నేను గూడ సిస్టర్నే. సారు సాచురేషన్ ఎంతల ఉంచుమన్నరు?"

"88 నుంచి 92 మధ్యల, మేడం. కార్బన్ డయాక్సైడ్ ఎక్కువున్నది, అందుకే పెంచుతలేం."

వాళ్లు చేస్తున్నది సరైన పని. మామూలు రోగికి 94 నుంచి 98 దాకా ఉంచాలి గానీ, ఇలాంటి ఊపిరితిత్తుల్లోకి ఆక్సిజన్ ఎక్కువ పంపితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి మనిషి మత్తులోకి జారిపోవచ్చు. నేను లండన్ పేరు చెప్పి దబాయించి, డ్యూటీ సిస్టర్ భయపడి ఆక్సిజన్ పెంచి ఉంటే నష్టపోయేది బాపే. నేను నర్సునని చెప్పడం ఆ మాటను రెండు నిమిషాల్లో తేల్చడానికి పనికొచ్చింది. తర్వాత తమ్ముడికి విడమరిచి చెప్పడం నా వంతు.

అలాగని హోదాను దాచిపెట్టుకోమనడం లేదు. అత్యవసరమొస్తే డ్యూటీలో ఉన్నా, బయట ఉన్నా సాయానికి ముందుకు రావాలని, అదీ తనకు తెలిసిన మేరకే చేయాలని అదే కోడ్ చెబుతోంది. బతుకమ్మ ఆడే హాల్లో ఒక పెద్దాయన కుప్పకూలితే "నేను నర్సును, పక్కకు జరగండి, 999కి ఫోన్ చేయండి" అని గొంతెత్తి అరవాల్సిందే. అక్కడ మొహమాటపడితే ప్రాణం పోతుంది.

అందుకే మన సంఘానికి ఒక మాట. వచ్చే బతుకమ్మకు ప్రసాదం కౌంటర్ పక్కన ఇంకో బల్ల వేయండి. గుండె ఆగిన మనిషి ఛాతీని నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5–6 సెంటీమీటర్ల లోతున ఎలా నొక్కాలో అక్కడ మన నర్సులే నేర్పుతారు. హాల్లో షాక్ ఇచ్చే డబ్బా ఎక్కడుందో చూపిస్తారు. ఆ బల్ల మీద పేర్ల పక్కన ఆర్.ఎన్. అని ఎంత పెద్దగా రాసినా తప్పులేదు. ఎన్నికల పాంప్లెట్ మీద మాత్రం ఉత్త పేరు చాలు.