తరగతి గదిలో నిగ్రహానుగ్రహములు

గురువునకు నిగ్రహము, అనుగ్రహము అను రెండు సామర్థ్యములును ఉండవలెనని పెద్దలు చెప్పుదురు. తప్పును అడ్డగించు శక్తి నిగ్రహము; తప్పినవానిని మరల దరిచేర్చుకొను శక్తి అనుగ్రహము. నేటి కళాశాలలలో ఈ రెండింటికిని పరీక్ష తరగతి గదిలోనే జరుగుచున్నది. పాఠము సాగుచుండగా బిగ్గరగా మాటలాడుట, సెల్‌ఫోను చూచి నవ్వుకొనుట, ఆలస్యముగా వచ్చి తలుపు త్రోసికొని ప్రవేశించుట, తోటివారిని ఎగతాళి చేయుట, అధ్యాపకునకు పెడసరముగా బదులు చెప్పుట — వీనిని ఎరుగని కళాశాల లేదు. ఇట్టి విద్యార్థిని వెలుపలికి పంపవలెనా, ఓర్చుకొనవలెనా? ఇది పరిపాలనకు సంబంధించిన ప్రశ్నవలె కనిపించును గాని, నిజమునకు ధర్మమునకు సంబంధించినది.

మొట్టమొదట తేల్చుకొనవలసినది తరగతి గది ఎవరిదన్న విషయము. అది అధ్యాపకుని సొంత ఆస్తి కాదు. ధైర్యము చేసి గొంతెత్తిన విద్యార్థిదియును కాదు. నేర్చుకొనుటకు వచ్చిన వారందరిదియు అది. అరువదిమంది కూర్చున్న తరగతిలో ఒక్కని అల్లరివలన అయిదు నిమిషములు పోయినచో, పోయినవి అయిదు నిమిషములు మాత్రమే కావు. అందరివియు కలిపిన 300 నిమిషములు, అనగా అయిదు గంటల చదువు. ముందు బల్లపై మౌనముగా కూర్చున్న పేద విద్యార్థిని ఆ నష్టమును గూర్చి ఎవరితోను చెప్పుకొనదు. ఆమె మౌనమును సమ్మతిగా భావించి అధ్యాపకుడు ఊరకున్నచో, దానిని ఓర్పు అనరాదు. అది పరుల సొమ్ము దానము చేసి దాత ననిపించుకొనుట వంటిది. తనకు జరిగిన అవమానమును సహించుట గొప్ప గుణమే. ఇతరులకు జరుగు నష్టమును వారి తరపున తాను సహించుటకు ఎవరికిని అధికారము లేదు.

అయితే ఈ సూత్రమే అధ్యాపకుని చేతిని కూడ కట్టివేయుచున్నది. అధికారము శ్రోతల కొరకు అప్పగింపబడినదైనచో, దానిని స్వాభిమాన రక్షణకు వాడరాదు. దండించుటకు ముందు ఆయన తనలో తాను వేసికొనవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ చేష్టవలన ఎవరి చదువు చెడినది? ఎవరి చదువును చెడక, తన మనస్సు మాత్రమే నొచ్చినచో అది దండనకు కారణము కాజాలదు. తెలియని విషయమును అడిగిన వానిని, అధ్యాపకుని లెక్కలో పొరపాటును చూపినవానిని, అభిప్రాయభేదమును మర్యాదగా చెప్పినవానిని అల్లరివాడనుట అన్యాయము. కల్యాణములోని అనుభవ మంటపమున అల్లమప్రభువు అక్కమహాదేవిని కఠినములైన ప్రశ్నలతో పరీక్షించెననియు, ఆమె వెనుదీయక సమాధానములు చెప్పెననియు శూన్యసంపాదనమువలన తెలియుచున్నది. ఆ సభకు ప్రశ్న భంగము కాలేదు, శోభ అయినది. ప్రశ్న విషయమును ముందుకు నడుపును. అల్లరి విషయమునుండి అందరిని తప్పించును. ఈ భేదమును గుర్తింపని క్రమశిక్షణ తరగతిని నిశ్శబ్దముగా ఉంచగలదు గాని వివేకవంతముగా చేయలేదు.

కారణమును విచారించుట రెండవ కర్తవ్యము. పదునెనిమిదేండ్లవరకు తెలుగు మాధ్యమమున చదివి, ఒక్కసారిగా ఆంగ్ల ప్రసంగము నడుమ కూర్చున్న విద్యార్థి, అర్థము కాని గంటను మాటలతో గడుపును. రాత్రి పనికి పోయి తెల్లవారి వచ్చినవాడు బల్లపై తల వాల్చును. 75 శాతము హాజరు తప్పనిసరియను నిబంధనకు భయపడి వచ్చినవానికి దేహమే తరగతిలో ఉండును. వెనుక వరుసకు మాట వినిపింపని పొడవైన గదిలో ముచ్చట్లు పుట్టుటలో వింత లేదు. ఈ కారణములు తప్పును ఒప్పు చేయవు. కాని మందును నిర్ణయించును. భాష తెలియనివానికి కావలసినది తెలుగులో రెండు మాటల వివరణ, జరిమానా కాదు.

ఇంతకంటె గంభీరమైన విషయము మరియొకటి కలదు. ఎప్పుడును నెమ్మదిగానుండు విద్యార్థి అకస్మాత్తుగా కోపిష్ఠి అగుట, స్నేహితులకు దూరమగుట, బ్రతుకుపై విరక్తి కలిగించు మాటలు పలుకుట అల్లరి కాదు, ఆపదకు సూచన. విశాఖపట్నమున ఒక విద్యార్థిని మరణమునకు సంబంధించిన వ్యాజ్యములో 2025 జూలైలో సుప్రీంకోర్టు తీర్పునిచ్చుచు, నూరుగురు లేక అంతకు మించిన విద్యార్థులున్న సంస్థలలో శిక్షణ పొందిన సలహాదారు ఒకరైనను ఉండవలెనని ఆదేశించినది. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలీ మానస్ సేవ 14416 అను నంబరుపై ఉచితముగా లభించుచున్నది. ఇట్టి విద్యార్థికి ఆనాడు కావలసినది మందలింపు కాదు, ప్రక్కన కూర్చుండి వినువారు.

ఇక నిగ్రహమునకు ఒక క్రమము ఉండవలెను. సంవత్సరారంభముననే తరగతి నియమములను విద్యార్థులతో చర్చించి నిశ్చయించుట మేలు. తాము ఒప్పుకొన్న నియమమును మీరుటకు ఎవరైనను సంకోచింతురు. అల్లరి పుట్టినపుడు ఒక్క క్షణము పాఠము నిలిపి మౌనముగా చూచుట, అటువైపు నడచుట చాల సందర్భములలో సరిపోవును. చాలనిచో గంట ముగిసిన పిమ్మట ఒంటరిగా పిలిచి మాటలాడవలెను. నలుగురి ఎదుట అవమానింపబడినవాడు తప్పును మరచి అవమానమును మాత్రమే గుర్తుంచుకొనును. తన పరువు నిలుపుకొనుటకై మరల ఎదిరించును. అటుపిమ్మట వ్రాతపూర్వకమైన హెచ్చరిక, తరువాత ప్రిన్సిపాలు విచారణ. బెదిరింపు, దౌర్జన్యము, ర్యాగింగ్ సంగతులలో ఈ మెట్లన్నియు ఎక్కుచు కూర్చుండరాదు. వెంటనే పై అధికారులకు తెలుపవలెను. 1997 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టము ర్యాగింగును నేరముగా పరిగణించినది. ఇక ఏనాడును చేయరానివి కొన్ని కలవు. కులమునుగాని తల్లిదండ్రులనుగాని ఎత్తి నిందింపరాదు. ఒక్కని తప్పునకు తరగతినంతను శిక్షింపరాదు. ఇంటర్నల్ మార్కులను ఆయుధముగా వాడరాదు. చేయి ఎత్తరాదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము బాలలకు శారీరక శిక్షను, మానసిక వేధింపును నిషేధించినది. బాలునకు చేయరాని అవమానమును యువకునకు చేయవచ్చుననుట తర్కమునకు నిలువదు.

విచారణ ఎట్లుండవలెనన్న విషయమున రెండు తీర్పులు స్మరింపదగినవి. ఉత్తరప్రదేశ్‌లో పరీక్షలందు అక్రమము చేసిరని ముగ్గురు విద్యార్థుల ఫలితములను బోర్డువారు రద్దు చేసిరి. వారి మాట వినకుండ అట్లు చేయుట చెల్లదని 1962లో సుప్రీంకోర్టు నిర్ణయించినది. 1972లో రాంచీ వైద్య కళాశాల విద్యార్థులు కొందరు రాత్రివేళ విద్యార్థినుల వసతిగృహమున ప్రవేశించి అసభ్యముగా ప్రవర్తించిరి. విచారణ సంఘము నిందితులకు అభియోగము తెలిపి వారి సమాధానమును విన్నది గాని, ఆ విద్యార్థినుల వాఙ్మూలములను వారి భద్రతకై విడిగా తీసికొన్నది. ఆ పద్ధతిని 1973లో సుప్రీంకోర్టు సమర్థించినది. నిందితుని మాట వినవలెను. బాధితులను భయమునకు వదలరాదు. ఈ రెండును కలిసినదే న్యాయము.

చివరకు మిగులునది అన్నింటికంటె కష్టమైన పరీక్ష: పక్షపాతము. మఠములును, సంఘములును నడుపు కళాశాలలలో భవనము కట్టించిన దాత కుమారుడును, దాసోహమున భుజించి చదువుకొను విద్యార్థియు ఒకే బల్లపై కూర్చుందురు. ఇద్దరును ఒకే తప్పు చేసినపుడు ఒకనికి మందలింపు, మరియొకనికి బహిష్కారము లభించినచో, ఆ దినమున తరగతి అంతయు నేర్చుకొన్న పాఠము అదియే. ఎన్ని నీతి ప్రసంగములు చేసినను అది చెరగదు. తల్లిదండ్రులకును ఇందు బాధ్యత కలదు. కళాశాలనుండి కబురు రాగానే కొందరు తండ్రులు నలుగురి ఎదుట కుమారుని కొట్టుదురు. మరికొందరు పలుకుబడి గలవారిని వెంటబెట్టుకొని వచ్చి అధ్యాపకునే బెదిరింతురు. మొదటివారు కుమారుని గౌరవమును తీసిరి. రెండవవారు వాని వివేకమును తీసిరి. నిజమేమో శాంతముగా విచారించి, తప్పున్నచో కుమారుని చేతనే క్షమాపణ చెప్పించు తండ్రి కుమారునకును, కళాశాలకును మేలు చేసినవాడగును.

వెలుపలికి పంపబడిన విద్యార్థికి లోనికి వచ్చు దారిని కూడ ఆనాడే చూపవలెను. ఏ తప్పునకు పంపిరో, ఏమి చేసినచో రావచ్చునో, వచ్చిన పిమ్మట ఆ మాట మరల ఎత్తబోరనియు అతనికి తెలియవలెను. తిరిగి వచ్చినవాని పేరును మునుపటివలెనే ప్రేమతో పిలిచి ప్రశ్న అడుగగల అధ్యాపకుడే నిగ్రహానుగ్రహ సమర్థుడు. తలుపు మూయుటకు అధికారము చాలును. దానిని మరల తెరచుటకు గురుత్వము కావలెను.