నిద్రపోయిన గంట ఎవరి ఖాతాలో?

ల్యాప్‌టాప్‌లో పది నిమిషాల టైమర్ పెట్టారు. మూడు నిమిషాలయ్యాక మూత వేసి, గంట తర్వాత తెరిచారు. టైమర్‌లో ఇంకా ఏడు నిమిషాలు ఉన్నట్టా, ఎప్పుడో అయిపోయినట్టా?

మూత వేసినప్పుడు లోపల కాలాన్ని లెక్కపెట్టే కౌంటర్లు చాలా మెషీన్లలో ఆగిపోతాయి. చిన్న బ్యాటరీ మీద బతికే గడియారం ఒక్కటే నడుస్తుంది. లేచాక కెర్నల్ దాన్ని చూసి, ఎంతసేపు నిద్రపోయిందో తీసివేత చేసుకుని, హార్డ్‌వేర్ టైమర్‌కి కొత్త గడువు రాసిస్తుంది. తీసివేత పెద్ద కష్టం కాదు (డ్రైవర్లు మాట వింటే). ఆ గంటని ఎవరి ఖాతాలో రాయాలన్నదే చిక్కు.

లినక్స్ దీనికి రెండు గడియారాలు పెట్టుకుంది. మోనోటోనిక్ అనేది నిద్రని లెక్కపెట్టదు. 2011లో వచ్చిన బూట్‌టైమ్ లెక్కపెడుతుంది. 2018లో మోనోటోనిక్ కూడా నిద్రని లెక్కించేలా మార్చి, రెంటినీ ఒకటి చేసి చూశారు. మెషీన్ లేవగానే, సర్వీసుల్ని కాపలా కాసే సిస్టమ్‌డీ వాటిని చంపడం మొదలుపెట్టింది. ఇన్ని సెకన్లకోసారి "ఉన్నా" అని పలకమన్నాను, గంట నుంచి చప్పుడు లేదు, కాబట్టి పోయినట్టే అని దాని లెక్క. మాటే డెస్క్‌టాప్ అయితే లేచీ లేవగానే స్క్రీన్‌సేవర్ వేసుకుంది. కొద్ది వారాల్లోనే ఆ మార్పుని వెనక్కి తీసుకున్నారు.

సర్వీసు పలకని మాట నిజమే. కానీ దానికి పలికే వీలే లేదు. నోరు కట్టేసి, ఎందుకు పలకలేదని శిక్షించడం అన్యాయం. అలాగని నిద్ర ఎప్పుడూ లెక్కలోకి రాకూడదనీ అనలేం. రౌటర్ మనకి ఒక అడ్రస్‌ని కొంతసేపు అద్దెకిస్తుంది. మనం మూత వేసుకున్నామని దాని గడువు ఆగదు, ఈలోగా ఆ అడ్రస్ ఇంకొకరికి ఇచ్చేసి ఉండొచ్చు. అంటే ఎంతసేపు గడిచిందో చూస్తే చాలదు. ఎవరికి ఏం మాటిచ్చాం, నిద్రపుచ్చింది ఎవరు, ఇవీ అడగాలి.

జహీరాబాద్ దాటి ముంబై హైవే మీద పోతే కర్ణాటక సరిహద్దులో చిరాగ్‌పల్లి వస్తుంది. చెక్‌పోస్టు ఊరు, లారీలు ఆగే ఊరు. లారీలో సరుకుతో పాటు ఈ-వే బిల్లు ఉంటుంది. 2020లో దాని లెక్క 100 కిలోమీటర్లకి ఒక రోజు (2021 నుంచి 200). చక్రాలు తిరుగుతూనే ఉంటాయన్న నమ్మకంతో రాసిన కాగితం అది. బండి ఆగినా దాని గడువు ఆగదు. లాక్‌డౌన్‌లో దేశం మొత్తం మూతపడ్డాక, మార్చి 20కీ ఏప్రిల్ 15కీ మధ్య గడువు తీరే బిల్లులు ముందుగా ఏప్రిల్ 30 దాకా చెల్లుతాయన్నారు. సబబే. సుప్రీంకోర్టు ఇంకా ఉదారంగా ఉంది. కేసు వేసే గడువుల్లోంచి 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా తీసేసి, లేచాక తేరుకోవడానికి 90 రోజులిచ్చింది.

అప్పు దగ్గరికొచ్చేసరికి గడియారం మారింది. ఆర్‌బీఐ మారటోరియంలో ఆగస్టు దాకా కిస్తీ కట్టకపోయినా ఎగవేత కింద రాయరు. ఆటో ఇంటి ముందే ఉంది, కిస్తీ ఆగింది, వడ్డీ మాత్రం తిరుగుతూనే ఉంది. 2021 మార్చి 23న సుప్రీంకోర్టు వడ్డీ మీద వడ్డీ వద్దంది, అసలు వడ్డీని మాఫీ చేయడానికి ఒప్పుకోలేదు. బ్యాంకుల వాదన తీసిపారేసేదేం కాదు. డిపాజిట్ వేసినవాళ్లకి అవి వడ్డీ కట్టాలి కదా, ఆ గడియారం నిద్రపోలేదు. నాకు మింగుడుపడనిది వేరే. ఒకే మనిషి మీద రెండు గడియారాలు పెట్టి, ఎప్పుడు ఏది చూడాలో అవతలివాడే ఎంచుకుంటున్నాడు. కెర్నల్‌లో అయితే ఏ గడియారం అడుగుతున్నామో కనీసం పేరు పెట్టి రాయాలి.

మన ఆడవాళ్లు పాడుకున్న ఊర్మిళాదేవి నిద్ర పాట ఉంది. లక్ష్మణుడు అడవిలో ఉన్న పద్నాలుగేళ్లూ ఆమె నిద్రలోనే ఉంటుంది. అతను తిరిగొచ్చి పక్కన కూర్చుంటే గుర్తుపట్టదు. ఎవరో పరాయివాడనుకుని, ఇంకొకడి భార్యని కోరితే ఏమవుతుందో చెప్పి గదమాయిస్తుంది. ఇన్నేళ్లూ మేలుకుని ఉన్నది అతను. తానెవరో చెప్పుకోవాల్సిందీ అతనే.