పలుచబడిన పలక

ధ్యానభాగము: న్యాయాధిపతులు 7:1–15



ఈ నెల ధ్యానమునకు గిద్యోను కథలో ఒక చిన్న భాగమును తీసికొనుచున్నాము. దీనిమీద మేము ఇదివరకు చాలమారులు ప్రసంగించితిమి. అయినను అది మా మనస్సునకు తగిలినది ఒక వడ్రంగి ఇంటి పంచలో, చిత్రికపొట్టు మధ్య కూర్చున్నప్పుడే. ఆ సంగతి చెప్పిన తరువాత వాక్యభాగమునకు వత్తుము.

మా సంఘములో నలుబది యేండ్లు తలుపులు, మంచములు చేసిన పెద్ద ఒకరు 2021లో ప్రభువునందు నిద్రించిరి. గుడిలోని బల్ల, మేము నిలుచు ప్రసంగపీఠము ఆయన చేతిపనియే. ఆయన కుమారుడు పట్టణములో ఫోనుల దుకాణమున పని చేయుచుండెను. తండ్రి పోయిన తరువాత తల్లికొరకు ఇల్లు చేరెను. అటకమీద తండ్రి పనిముట్లతోపాటు పాతచీరలో చుట్టిన జిట్రేగి పలక ఒకటి దొరికెను. కొందరు దీనిని ఇరుగుడు అందురు. నల్లని చారలు గల బరువైన కర్ర. పెద్దాయన దానిని ఏ పనికని దాచెనో ఇంటిలో ఎవరికిని తెలియదు. 2022 జూలైలో ఆ పిల్లవాడు మాయొద్దకు వచ్చి, "అయ్యగారండి, దీనితో గుడికి గిటారు చేద్దామనుకుంటున్నాను. మీరు ప్రక్కనుంటే చాలండి" అనెను.

అతడు అంతకుముందు ఒక్క గిటారైనను చేసినవాడు కాడు. మేము ఒక్క మేకైనను తిన్నగా కొట్టినవారము కాము.

పెద్దలలో కొందరికి గిటారనగానే సినిమా జ్ఞాపకమునకు వచ్చెను. వారితో మేము ఒక మాట చెప్పితిమి. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయమున, పౌలు స్పష్టమైన నాదమునుగూర్చి చెప్పుచోట మన బైబిలులో వీణ అని యున్నది గదా. గ్రీకులో ఆ మాట కితారా. గిటారు అను పేరు పుట్టినది ఆ మాటనుండియే. కనుక పేరు చూచి త్రోసివేయక, అది పలికినప్పుడు విని తీర్పు చెప్పుడని వేడుకొంటిమి. వారు ఒప్పుకొనిరి, అందులో ఒకరిద్దరు మామీది దయచేతనే ఒప్పుకొనిరని మాకు తెలియును.

బొబ్బిలి వీణను పనసమాను దుంగనుండి తొలిచి తీయుదురు. గిటారు పని వేరు. పలుచని పలకలను వంచి, అతికి, బోలుపెట్టెగా కట్టవలెను. తండ్రి దాచిన పలకను సామిల్లులో రేకులుగా కోయించి, ప్రక్కలకు వచ్చు రేకులను 2 మిల్లీమీటర్ల మందమునకు చిత్రిక పట్టి, నీటిలో నానబెట్టి, బాగుగా కాలిన ఇనుపగొట్టమునకు అదుముచు నడుమువంపు తెప్పించవలెను. తొందరపడితే విరుగును. మొదటిది విరిగెను. దేవుని దయవలన ఒక రేకు అదనముగా నుండెను గనుక పని ఆగలేదు. వేడిమీద జిట్రేగి వాసన తీయగా నుండును. అది ఇల్లంతయు నిండగా తల్లి వంటింటినుండి లేచి వచ్చి, కొంతసేపు పంచలో ఊరక నిలుచుండి, మరల లోపలికి పోయెను.

ఈ కర్ర గిటారులకు కొత్త కాదు. బ్రెజిలు కర్ర దొరకుట కష్టమైనప్పుడు, 1969లో, అమెరికాలోని మార్టిన్ కంపెనీవారు మన దేశపు జిట్రేగికి మారిరి. ఆ కంపెనీకి మూలపురుషుడైన క్రిస్టియన్ ఫ్రెడరిక్ మార్టిన్ 1796లో జర్మనీలోని మార్క్‌నాయ్‌కిర్ఖెన్ అను ఊర పుట్టెను. వారి కుటుంబము బల్లలు, బీరువాలు చేయు వడ్రంగుల సంఘమునకు చెందినది. గిటారులు చేయు హక్కు వడ్రంగులకు లేదని ఆ ఊరి వయొలిన్ పనివారు అధికారులయొద్ద వాదించిరి. 1833లో ఆయన అమెరికాకు ఓడ ఎక్కి, 1839లో పెన్సిల్వేనియాలో, మొరేవియన్ సహోదరులు కట్టుకొనిన ఒక ఊరి చెంత స్థిరపడెను. ఆ ఊరి పేరు నజరేతు. వడ్రంగికి తగిన ఊరే దొరికెనని మేమనగా మా పిల్లవాడు పని ఆపి నవ్వెను. తండ్రి పోయిన తరువాత అతడు నవ్వగా చూచుట మాకదే మొదలు.

ఇక పైపలక సంగతి. ఇది జిట్రేగి కాదు. శీతల దేశములలో పెరుగు స్ప్రూస్ అను తేలికకర్ర. టపాలో తెప్పించితిమి. ఒకే దిమ్మనుండి కోసిన రెండు రేకులు వచ్చెను; పుస్తకము తెరచినట్లు వానిని ప్రక్కప్రక్కన పరచి అతికినచో కుడియెడమల చారలు ఒకదానికొకటి సరిపోవును. గిటారులో ముఖ్యముగా పాడునది ఈ పలకయే. స్పెయిన్ దేశపు పనివాడైన అంతోనియో దె తోర్రెస్ ఈ మాట రుజువు చేయుటకే 1862లో ఒక గిటారుకు వీపును ప్రక్కలను కాగితపు అట్టతో చేసి, పైపలక మాత్రము మంచి కర్రతో పెట్టెను. అది నేటికిని బార్సెలోనాలోని సంగీత సంగ్రహాలయమున నున్నది.

ఇక్కడనే మాకు చిక్కు వచ్చెను. ఆరు ఇనుపతీగలను శ్రుతికి బిగించినచో వాని లాగుడంతయు కలిసి సుమారు 73 కిలోలు. మన ధాన్యపు బస్తా ఎంతయో ఇంచుమించు అంత. రాత్రింబగళ్లు ఆ బస్తా లాగుచుండగా నిలువవలసిన పలక మందమో, 3 మిల్లీమీటర్లు, అంతకు కొంచెము తక్కువ. లోపలివైపున గుణకారపు గుర్తువలె అతికిన బద్దలు దానికి ఆదరువు. ఇది 1840ల నుండి మార్టిన్ గిటారులలో కనబడుచున్న పద్ధతి. పలకను, బద్దలను మందముగా విడిచినచో ఎన్నటికిని విరుగదు, పాడను పాడదు. పలుచన చేసినచో పాడును. మరి కొంచెము పలుచనైనచో ఉబ్బిపోవును, పగులును. ఎక్కడ ఆగవలెనో చెప్పు కొలబద్ద లేదు. ఒక్కొక్క పలక బిగువు ఒక్కొక్క తీరుగా నుండుటచేత పుస్తకములలోని అంకెలు సగముదూరమే తోడు వచ్చును.

అతడు చిత్రిక పట్టుచు 4 మిల్లీమీటర్లకు వచ్చినప్పుడు మేము అతని చేయి పట్టుకొంటిమి. "ఇక చాలు బాబూ. ఇది విరిగితే మీ నాన్నగారి కర్రంతా వ్యర్థమైపోతుంది. గట్టిగా ఉంటే చాలు" అంటిమి. అతడు పలకను చెవియొద్ద పెట్టుకొని వ్రేలితో కొట్టి, ఏదో చెప్పబోయి, చెప్పక మానెను. మేము అయ్యగారము గదా! బద్దలను కూడ మా మాటచొప్పుననే లావుగా విడిచెను.

క్రిస్మసునాటికి తీగలు కట్టెను. గుడిలో అందరును చూడగా మీటెను. ముందువరుసలో కూర్చుండు ఒక ముసలమ్మ, "నాయనా, తీగలు కనబడుతున్నాయి గాని పాట వినబడటం లేదు" అనెను. ఎవరును నవ్వలేదు. ఆ గిటారు ఎంత గట్టిదనగా, మేము దానిమీద కూర్చున్నను చెక్కుచెదరదు. అతడు దానిని గుడ్డలో చుట్టి ఇంటికి తీసికొనిపోయి తండ్రి ఉలుల ప్రక్కన గోడకు తగిలించెను. రెండు ఆదివారములు ఆరాధనకు రాలేదు.

ఆ దినములలోనే ఈ వాక్యభాగము మాకు మరల ఎదురుపడెను. లోయలో మిద్యానీయులు లెక్కకు మించి దిగియున్నారు. గిద్యోనుయొద్ద 32,000 మంది. మనమైతే ఇంకను ఎవరైన వత్తురేమోయని దారి చూతుము. దేవుడు చూచి, వీరు ఎక్కువయని చెప్పెను. భయపడినవారు 22,000 మంది వెళ్లిపోయిరి. మిగిలిన 10,000 మందియు ఎక్కువే యనెను. నీళ్లయొద్ద పరీక్ష అయిన తరువాత నిలిచినవారు 300. దేవుడు పంపివేసిన వారు చెడ్డవారని అక్కడ ఎక్కడను లేదు. చిత్రికనుండి రాలిన పొట్టు కూడ చెడ్డకర్ర కాదు, పలకలోని మంచికర్రయే.

మేము ఇన్నాళ్లును చదివియు చూడనిది దాని తరువాతి మాట. ఆ రాత్రి గిద్యోనుకు ఇంకను భయమున్నది. దేవుడు అతనిని గద్దింపలేదు. పంపివేసిన వారిని తిరిగి పిలువనీయను లేదు. భయమైతే శత్రువు పాళెము దగ్గరకు దిగిపోయి వినుమనెను. గిద్యోను పనివానిని వెంటబెట్టుకొని చీకటిలో దిగిపోయి, గుడారము వెలుపల నిలిచి, చెవియొగ్గెను. అతని చేతులకు బలము వచ్చినది ఆ వినుటవలననే. ఎన్ని తీయవలెనో తెలియనివానికి దేవుడు లెక్క వ్రాసి ఇచ్చుటలేదు, వినుమనుచున్నాడు. ఈ మాట చదివినప్పుడు, పలకను చెవియొద్ద పెట్టుకొని కొట్టిన పిల్లవాడు మా కన్నులయెదుట నిలిచెను. అతడు వినుచుండగా, వినని మేము అతని చేయి పట్టుకొంటిమి.

2023 జనవరిలో ఒక సాయంకాలము వారి ఇంటికి వెళ్లి, "మా మాట తప్పు బాబూ, నీకేమి వినబడిందో అది చెయ్యి" అంటిమి. అతడు తల్లివైపు చూచెను. ఆమె, "కర్ర ఆయనదే గాని చెయ్యి నీదిరా" అనెను.

తీగలు వదలు చేసి, మధ్యనున్న గుండ్రని రంధ్రములో చేయి దూర్చి, చిన్న ఉలితోను గరుకుకాగితముతోను తడుముకొనుచు లోపలి బద్దలను కొంచెము కొంచెముగా తీసెను. వెలుపల అంచులవెంట పైపలకను ఇనుపరేకుతో గీకెను. కొంత తీయుట, వ్రేలితో కొట్టుట, వినుట. రెండు సాయంకాలములు ఇదే పని. మేము ప్రక్కనే కూర్చుండి మూడుమారులు "చాలునేమో" అంటిమి. నాలుగవమారు సిగ్గుపడి ఊరకుంటిమి. రెండవ సాయంకాలము దీపము పెట్టిన తరువాత ఆ చప్పుడు మారెను. అంతవరకు తలుపు తట్టినట్లు టక్కుమని తెగిపోవునది, బావిలో రాయి పడినట్లు లోతుగా పలికి, కొంచెము నిలిచి పోయెను. అతడు ఉలి క్రింద పెట్టెను. ఇంకొక్క పొర తీయుమని ఎవరైన చెప్పినను తీసియుండడు.

తీగలు బిగించి మీటగా పంచలోని రేకులు అదరెను. తల్లి, "ఇది మీ నాన్న పలకేనా?" అని మాత్రము అడిగెను.

ఇంటికి వచ్చు దారిలో మాకు మరియొక సంగతి జ్ఞాపకమునకు వచ్చెను. దానిని దాచుట న్యాయము కాదు. రెండు సంవత్సరములుగా మా యౌవనస్థులు పేటలోని శుక్రవారపు ప్రార్థన తమకు విడువుమని అడుగుచుండిరి. వాక్యము తప్పు చెప్పుదురేమో, తగవులు వచ్చునేమోయని మేమే నడిపించుచు వచ్చితిమి. తప్పు లేదు, తగవు లేదు. వచ్చువారు ఏడుగురు. మరుసటి నెలలో దానిని వారికి అప్పగించితిమి. ఒకడు ఒక రాత్రి యోనా కథకు బదులు యోబు కథ చెప్పెను. ఇద్దరు పాటల విషయమై మాటలాడుకొనుట మానిరి, తరువాత కలిసిరి. మేము వెనుక చాపమీద కూర్చుండి నోరు మూసికొనుట నేర్చుకొనుచున్నాము. అది మాకు ఇంకను పూర్తిగా రాలేదు.

గిటారునకు మరియొక శోధన మిగిలియుండెను. 2023 మే నెల వడగాడ్పులకు పైపలకమీద జానెడు పగులు తీసెను. అది పలుచదనమువలన కాదు. మేము దానిని అతికినది ముసురు దినములలో. కర్ర తేమ త్రాగి అడ్డముగా వెడల్పయినప్పుడు బద్దలకు, ప్రక్కలకు బిగించివేసితిమి; ఎండలకు అది ముడుచుకొనబోయి, చోటులేక చీలెను. జిగురు పెట్టి, లోపల తపాలబిళ్లంత చెక్కముక్కలు మూడు అతికి పగులు మూసెను. గీత నేటికిని కనబడును. వేసవిలో ఇప్పుడు దాని పెట్టెలో తడిపి పిండిన స్పంజిముక్కను చిల్లుల డబ్బాలో ఉంచుచున్నాడు.

2024 జనవరిలో, గాలి పొడిగా నున్నప్పుడు, ప్రక్క ఊరి సంఘముకొరకు రెండవ గిటారు మొదలుపెట్టెను. మేము చూడబోవునప్పటికి దాని పైపలక 3 మిల్లీమీటర్లకు దిగియున్నది. అతడు దానిని చెవియొద్ద పెట్టుకొని కొట్టుచుండెను. మేము వచ్చినట్లు ఎరుగడు. మేము అరుగుమీద కూర్చుంటిమి.