ఓడయా? విమానమా?

బళ్లారి సీమకు సముద్రము లేదు. 1953లో ఆదోని, ఆలూరు, రాయదుర్గములను ఆంధ్రకును, బళ్లారిని మైసూరుకును చేర్చినపుడు ఇచటి వర్తకుల ముంగిటికి సరిహద్దు వచ్చినదే కాని కడలి రాలేదు. అయినను వ్యాపారమునకు కడలి అడ్డమా? బళ్లారిలో కుట్టిన జీన్సు దుస్తులకు అండమానులో బేరము కుదిరినదనుకొందము. 2011 జనాభా లెక్కలలో ఆ దీవులవారిలో నూటికి 13 మంది తెలుగువారు. భాషకు కొదువ లేదు. గుంతకల్లులో రైలెక్కి చెన్నపట్టణము చేరిన పిదప, 2024లో శ్రీవిజయపురమని పేరు మారిన పోర్టుబ్లెయరుకు ఓడలో సుమారు 60 గంటలు, విమానమున రెండు గంటలకు కొంచెము మించును. అణువ్రతములు గైకొనిన శ్రావకుడు ఏది యెక్కవలెను?

ఓడ మెల్లగా పోవును గనుక పాపము తక్కువయని పలువురి తలంపు. ఇది తేలికగా ఒప్పుకొనదగినది కాదు. విమానము కాల్చు ఇంధనము అధికమే. అయితే ఓడయు రెండు మూడు రాత్రులు పడకగదులను, వంటశాలను మోసికొనుచు నూనె కాల్చును. దాని మరకు నీటిలోని జీవులు, విమానమునకు పక్షులు బలియగును. ఈ లెక్క తేల్చుట ఎవరి తరము? ఉమాస్వాతి తత్త్వార్థసూత్రమున హింసకు లక్షణము చెప్పుచు ప్రమాదమును, అనగా ఏమరుపాటును, ముందుంచెను. శ్వేతాంబరుల ఆచారాంగము సైతము మునికి పడవను బొత్తిగా నిషేధింపక కట్టుబాట్లతో అనుమతించినది. పడవవాడు త్రాడు లాగుమన్నను, నీరు తోడుమన్నను ముని చేయరాదు.

కావున వాహనముకంటె ముందు విచారింపవలసినది ప్రయాణమును. గృహస్థునకు దిగ్వ్రతము ఏర్పడినది ఇందులకే: ఏ దిక్కున ఎంత దూరమో ముందుగా హద్దు పెట్టుకొని, ఆ వెలుపలి జీవులకు తనవలన కలుగు బాధను మానుకొనుట. విమానముతో వచ్చిన చిక్కు ఇచటనే యున్నది. మూడు దినములు సముద్రముపై గడపవలెనన్న ఏటికొకసారి పోవువాడు, రెండు గంటలే గదా యని నాలుగుసారులు పోవును. ఫోనులో తీరు బాకీకిగూడ స్వయముగా బయలుదేరును. పూర్వము ఆలస్యము వేసిన కట్టును ఇపుడు తానే వేసికొనవలెను. ఓడలో పోయి పుణ్యము గట్టుకొంటినని చెప్పుకొనుచు గజముకోలలో మోసము చేయువానిని గూర్చి చెప్పనేల!

1970లో చిత్రభాను, 1975లో సుశీల్‌కుమార్ మునులు విమానమెక్కి విదేశములకు పోయినపుడు సంఘములో ఎంత వివాదము! 1980లో ఆచార్య తులసి వాహనప్రయాణమునకు వీలుగా సమణ శ్రేణిని ఏర్పరచెను. సాధువులు అంత తర్జనభర్జన పడిన విషయమును గృహస్థులు టిక్కెట్టు ధర చూచి తేల్చుకొనుచున్నారు.

రాత్రిభోజనము విసర్జించినవాడు ఓడ వంటశాల వేళలకు లొంగక ఖాఖరాలు, పేలాలు వెంట గొనిపోవలెను. విమానమున ఆ బాధ లేదు. నియమపాలనకు ఒక్కొక్కపుడు వేగమే అనుకూలము. ఇక దీవిలో కుమారుడు ఆసుపత్రిలో నున్నాడని కబురు వచ్చినచో, వ్రతపు హద్దు దాటునని తండ్రి వెనుదీయుటయు, ఓడకొరకు వేచియుండుటయు కఠినత్వమే యగును. దొరకిన మొదటి విమానమెక్కి పోవలెను. హద్దు మీరిన దోషమునకు తిరిగివచ్చి గురుసన్నిధిని ప్రాయశ్చిత్తము గైకొనవచ్చును.